మాట మోసే పిల్ల

ఆ వీధిలో ఆ పిల్లను మెచ్చుకోనివాళ్ళు లేరు. పదమూడేళ్ళ పిల్ల, ఎనిమిదో తరగతి. తల్లికీ తండ్రికీ పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. పిల్లకు మాత్రం చెవులూ నోరూ రెండూ భేషుగ్గా ఉన్నాయి. నోరు కాస్త ఎక్కువే ఉందని బడిలో టీచరు అభిప్రాయం. వీధిలోవాళ్ళు ఆమెను మైకు అని పిలిచేవారు. "మీ ఇంటికి మైకువి నువ్వే కదే" అని ఎవరో ఒకసారి సరదాకి అన్నారు, ఆ పేరే ఖాయమైపోయింది. అలా పిలిస్తే ఆ పిల్లకు కోపం రాకపోగా గర్వంగా ఉండేది.

ఒక ఆదివారం పొద్దున తల్లీకూతుళ్ళు కూరగాయల దుకాణం ముందు నిలబడి ఉన్నారు. తల్లి ఒక టమాటా తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, కూతురి వైపు తిరిగి చేతులతో అంది. "ఈ టమాటా వీడి తాతతో కలిసి బడికి వెళ్ళి ఉంటుంది. అవునో కాదో అడుగు."

మైకు దుకాణదారుతో, "అన్నా, కొంచెం గట్టివి చూసి ఇమ్మంటోంది అమ్మ" అంది వినయంగా.

"మీ అమ్మకి చెవులు లేకపోతేనేం, కళ్ళు నాలుగున్నాయి. పొద్దున్నే దాపురించింది నా ప్రాణానికి" అని గొణిగాడు దుకాణదారు.

మైకు తల్లి వైపు తిరిగి, "నీ చూపు చాలా చురుకట. మంచివి తనే ఏరి ఇస్తానంటున్నాడు" అని చేతులు ఆడించింది.

తల్లి మురిసిపోయింది. ఆమె మురిసిపోవడం చూసి దుకాణదారు కూడా కాస్త మెత్తబడి, నిజంగానే మంచివి ఏరి సంచిలో వేశాడు. పక్కన బంగాళాదుంపలు తూయించుకుంటున్న పెద్దావిడ ఆ పిల్ల బుగ్గ పుణికి, "బంగారు తల్లి! ఇలాంటి కూతురుంటే చెవుల్లేకపోతే మాత్రం ఏం లోటు?" అంది.

ఎంత ముచ్చటైన దృశ్యం! మనం అక్కడ ఉండి ఉంటే మనమూ ఆ బుగ్గే పుణికేవాళ్ళం. ఇందులో చెడు ఏముందో ఎవరికీ కనిపించదు. అందుకే దీన్ని కాస్త నిదానంగా చెప్పవలసి వస్తోంది.

మైకుకు ఈ పని ఎవరూ నేర్పలేదు. అయిదేళ్ళప్పుడు ఇంటి యజమాని గుమ్మంలో నిలబడి తండ్రిని నానా మాటలూ అంటుంటే, ఆ మాటలు చేతుల్లోకి తేవడానికి ఆ చిన్నపిల్లకు మనసు రాలేదు. "ఆయనకి ఇవాళ ఒంట్లో బాగాలేదట" అని తండ్రికి చెప్పింది. తండ్రి జాలిపడి ఆయనకు ఒక గ్లాసు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆయన తిట్లు ఆపి, నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. మాటను ఎలా ఉన్నదలా అందించనక్కర్లేదని, కూరగాయల్లాగే కాస్త కడిగి ఇవ్వవచ్చని ఆ రోజు ఆమెకు తెలిసింది. అప్పటినుంచి ఆ ఇంటి గడపదాటి లోపలికి వచ్చే ప్రతి మాటనూ, బయటకు పోయే ప్రతి మాటనూ ఆ పిల్ల కడిగే అందించింది. కరెంటు ఆఫీసులో, తండ్రి పనిచేసే వడ్రంగి కార్ఖానాలో, తల్లి చొక్కాలకు కాజాలు కుట్టి ఇచ్చే దర్జీ దుకాణంలో, ఎక్కడైనా సరే. అందరికీ ఆమె అంటే ఇష్టం. ఉండదా మరి! ఆమె చేతుల మీదుగా వెళ్ళాక ఎవరి మాటైనా అసలుకంటే మంచిగా ఉండేది.

ఒక్కచోట మాత్రం దొరికిపోయింది. బడిలో తల్లిదండ్రుల్ని పిలిపించినప్పుడు, "మీ అమ్మాయికి వాగుడు ఎక్కువ. క్లాసులో ఒక్క క్షణం కుదురుగా కూర్చోదు" అంది టీచరు. "చాలా చురుకైన పిల్లనట" అని చెప్పింది మైకు. తల్లి టీచరు ముఖం కేసి ఒకసారి, కూతురి ముఖం కేసి ఒకసారి చూసి, "చురుకైన పిల్ల అని చెప్పడానికి ఆవిడ ముఖం అంత చేదుగా పెట్టిందేం?" అని అడిగి పకపకా నవ్వేసింది. ఆ నవ్వుకి టీచరు కూడా నవ్వింది. తల్లి ముఖాలు చదవడంలో దిట్ట. అక్షరాలు ఆమెకు ఎవరూ సరిగ్గా నేర్పలేదు గాని, వెలుతురులో ఎదురుగా నిలబెడితే మనిషి ముఖంలో ఏదీ ఆమె కంటపడకుండా పోయేది కాదు.

ఇన్నేళ్ళ తరువాత ఆ తల్లి మళ్ళీ కడుపుతో ఉంది. ఇంట్లో అందరికంటే సంబరపడింది మైకు. దానికి ఆమె కారణాలు ఆమెకున్నాయి. పుట్టేవాడికి వినపడితే పని పంచుకోవచ్చు. ఆఫీసులు తనవి, దుకాణాలు వాడివి అని అప్పుడే వాటాలు వేసేసింది. అంతకంటే పెద్ద కారణం ఒకటి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ ఇంట్లో ఆమెతో నోటితో మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు. పుట్టినప్పటినుంచీ లేరు. ఇంట్లో ఒక గొంతు వినాలని ఉండేది ఆమెకు, ఊరికే, ఏ పనీ లేకుండా.

ప్రతి సాయంత్రం తల్లి కాజాలు కుట్టడం ఆపి, కూతుర్ని దగ్గరకు లాక్కుని పొట్ట మీద చెవి పెట్టించుకునేది. "ఏమంటున్నాడు?" అని అడిగేది. మైకు కళ్ళు మూసుకుని శ్రద్ధగా విని, చెప్పేది. "లోపల ఇరుగ్గా ఉందట. అద్దె ఎంతైనా పరవాలేదు, పెద్ద ఇల్లు చూడమంటున్నాడు." లేకపోతే, "నువ్వు రాత్రి కారం ఎక్కువ తిన్నావని తిడుతున్నాడు." అవన్నీ కల్పితాలని తల్లికి తెలుసు. తెలిసే అడిగేది, తెలిసే నవ్వేది. తండ్రి కూడా చేతులకున్న రంపపు పొట్టు దులుపుకుంటూ వచ్చి కూర్చుని, "నా గురించి ఏమైనా అన్నాడా?" అని అడిగేవాడు.

ఏడో నెలలో ఆస్పత్రికి వెళ్ళారు. మామూలు పరీక్షే. తండ్రికి సెలవు దొరకలేదు. మైకు బడి మానేసి తల్లి వెంట వెళ్ళింది.

స్కానింగు గది చీకటిగా ఉంది. పడుకున్న తల్లికి కూతురి చేతులు తప్ప ఇంకేమీ సరిగ్గా కనిపించడం లేదు. తెర వెలుగు ఆ చేతుల మీద పడుతోంది. డాక్టరమ్మ తెర వైపు తిరిగి కూర్చుని ఉంది. మధ్యవయసుది, పొద్దుటినుంచి కుర్చీలోంచి లేచినట్టు లేదు. పొట్ట మీద పరికరం జరుపుతూ ఒకచోట ఆగింది. మళ్ళీ జరిపింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"కదలికలు ఎలా ఉన్నాయో అడుగు" అంది.

"నిన్నటినుంచి కాస్త బద్ధకంగా ఉన్నాడు, అంతే" అని తల్లి చేతులు చెప్పాయి. మైకు చెప్పింది.

డాక్టరమ్మ ఇంకొకసారి పరికరం జరిపి చూసింది. తరువాత, "పాపా, మీ నాన్న రాలేదా?" అంది.

"నాన్నకీ వినపడదు మేడం."

"ఇంకెవరైనా పెద్దవాళ్ళు? మీ పిన్నో, అత్తో?"

"ఎవరూ లేరు మేడం. నాకు చెప్పండి, నేను చెప్తాను. మా ఇంట్లో అన్నీ నేనే చెప్తాను." ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల కాస్త నిటారుగా నిలబడింది.

తలుపు తెరిచి ఆయా తల లోపలికి పెట్టింది. "బయట ఇంకా బోలెడుమంది ఉన్నారు మేడం."

డాక్టరమ్మ తెర వైపే చూస్తూ అంది. "చూడమ్మా. లోపల బిడ్డ గుండె కొట్టుకోవడం లేదు. బిడ్డ పోయాడు. మీ అమ్మని ఇవాళే చేర్పించాలి. ఆలస్యం చేస్తే ఆవిడకి కూడా ప్రమాదం. అర్థమైందా? మెల్లిగా చెప్పు."

మెల్లిగా చెప్పమంది. ఎంత తేలిగ్గా అనేసిందో చూడండి, ఆ మాట! ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆ మాట చెప్పడానికి ఆవిడకే ముఖం చెల్లలేదు, అందుకే తెరకు చెప్పింది. తనవల్ల కాని పనిని ఎనిమిదో తరగతి పిల్లకు అప్పగించింది.

తల్లి తల కాస్త పైకెత్తి, గడ్డం ఎగరేసింది. ఏమంటోంది?

మైకు చేతులు ఛాతీ దాకా వచ్చి ఆగిపోయాయి. ఆమెకు సైగలు తెలియక కాదు. గుండెకు సైగ తెలుసు. పోయింది అనే సైగా తెలుసు. కానీ ఆ సైగను ఆమె ఇంతవరకూ మాడిపోయిన బల్బుకూ ఆగిపోయిన గడియారానికీ మాత్రమే వాడింది. తల్లి కళ్ళు ఆమె చేతుల్ని వదలకుండా చూస్తున్నాయి. ఆ కళ్ళల్లో భయం మొదలవుతోంది. ఆ భయాన్ని ఆపాలి, అంతే. ఇంకేమీ తోచలేదు ఆ పిల్లకు. తనకు చేతనైనదే చేసింది.

"బాగున్నాడట. పడుకున్నాడట. రెండు రోజులాగి మళ్ళీ రమ్మంటోంది."

తల్లి ఊపిరి వదిలి నవ్వింది. పొట్ట తుడుచుకుని లేచి కూర్చుని, డాక్టరమ్మకు రెండు చేతులూ జోడించింది.

"చెప్పావా?" అంది డాక్టరమ్మ.

"చెప్పాను."

ఆ నవ్వు చూసి డాక్టరమ్మకు అనుమానం రావలసింది. వచ్చిందేమో కూడా. ఒక క్షణం తల్లి ముఖంలోకి చూసింది. అంతలో ఆయా ఇంకొకామెను లోపలికి తీసుకొచ్చేసింది. "పై అంతస్తులో చేర్పించుకుంటారు, వెళ్ళండి" అని చెప్పి, డాక్టరమ్మ మళ్ళీ తెర వైపు తిరిగింది. తల్లీకూతుళ్ళు మెట్లెక్కలేదు. గేటు వైపు నడిచారు.

దారిలో చెప్పేద్దామనుకుంది మైకు. బస్సులో జనం ఉన్నారు. ఇంటికి వెళ్ళాక చెబుదామనుకుంది. ఇంటికి వెళ్ళగానే తల్లి ఆకలి అంటూ కంచం ముందు కూర్చుంది. తిన్నాక చెబుదాం. తిన్నాక తల్లి కునుకు తీసింది. లేచాక చెబుదాం. ప్రతిసారీ తల్లి ముఖం తేటగా కనిపించేది, ప్రతిసారీ ఆ పిల్ల ఇంకొక్క గడియ ఆ ముఖాన్ని అలాగే ఉంచాలనుకునేది. పెద్దవాళ్ళమైన మనకే కష్టమైన సంగతి ఇది. దాచిన మాట గంట గంటకూ బరువెక్కుతుందని ఆ పిల్లకు ఎవరు చెప్పారు గనక?

సాయంత్రం తల్లి కాజాల బుట్ట పక్కన పెట్టి, ఎప్పటిలాగే చెయ్యి చాపింది. మైకు వెళ్ళి పొట్ట మీద చెవి పెట్టింది. లోపల తల్లి గుండె చప్పుడు దూరంగా వినిపిస్తోంది. ఇంకేమీ లేదు. ఇదివరకూ అంతే వినిపించేదా? ఇన్నాళ్ళూ తను విన్నదేమిటో ఆమెకు గుర్తు రాలేదు.

"ఏమంటున్నాడు?"

మైకు తల ఎత్తలేదు. తల ఎత్తితే ముఖం చదివేస్తుంది అమ్మ. చెవి అక్కడే ఉంచి, ఒక్క చెయ్యి పైకెత్తి, "పడుకున్నాడు" అంది.

తండ్రి వచ్చాక అదే అబద్ధం ఆయనకూ చెప్పింది. ఆయన బొటనవేలు పైకెత్తి, కూతురి జుట్టు చెరిపి, స్నానానికి వెళ్ళాడు.

మరునాడు తల్లే ఆమెను బడికి తరిమింది. మధ్యాహ్నం దాకా ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. "ఇవాళ మైకు పాడైందా?" అని టీచరు నవ్వింది కూడా. బడి నుంచి వచ్చేసరికి తల్లి మంచం మీద ముడుచుకుని వణుకుతోంది. ఒళ్ళు కాలిపోతోంది. దుప్పటి తడిసి ఉంది. ఆ తడిలో ఎర్రదనం ఉంది. తల్లి కళ్ళు తెరిచి, నీరసంగా, "నొప్పి. బిడ్డకేమైనా అవుతుందేమో, నాన్నని పిలువు" అంది.

మైకు కార్ఖానాకు పరుగెత్తింది. లోపల రంపాలు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. తండ్రికి ఆ గోల బాధ లేదు. ఆయన అవతలి గోడ దగ్గర తలుపు చెక్కకు చిత్రిక పడుతున్నాడు. మైకు గుమ్మంలోనే నిలబడి చేతులూపింది. ఆయన తలెత్తాడు. అంత గోలలోనూ ఆ గది ఈ చివరినుంచి ఆ చివరికి ఆమె మాట స్పష్టంగా అందింది.

"అమ్మకి బాగాలేదు. రక్తం పోతోంది. బిడ్డ నిన్ననే పోయాడు. డాక్టరు చెప్పింది. నేను చెప్పలేదు."

తండ్రి చిత్రిక పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. "బాగున్నాడన్నావు కదా" అంది రెండో చెయ్యి.

"అబద్ధం చెప్పాను నాన్నా."

వాళ్ళిద్దరి మధ్య పనిచేస్తున్న రంపం మనిషి ఆ చేతులాట చూసి పక్కవాడి భుజం తట్టి, "చూడ్రా, మైకు వచ్చింది. ఇంటి కబుర్లు ఎంత బాగా చెప్తోందో చూడు" అని నవ్వాడు.

దారిపొడుగునా తండ్రి చేతులకు కూడా ఆ మాట తల్లికి చెప్పడం చేతకాలేదు. ఆస్పత్రిలో తల్లిని పురుటి గదికి తీసుకెళ్ళారు. సెలైను ఎక్కించడానికి ఆమె కుడిచేతిని చెక్కకు కట్టేశారు. నర్సులకు అది రోజూ చేసే పనే. వినపడని మనిషికి చెయ్యి కట్టేయడమంటే సగం నోరు కట్టేయడమని ఎవరికీ తట్టలేదు. తల్లి మిగిలిన ఎడమచేతితో, "ఏం జరుగుతోంది? ఎవరైనా చెప్పండి" అని గాలిలో అడుగుతూనే ఉంది. ఆ చెయ్యి అటూ ఇటూ కొట్టుకుంటోందని ఒక కొత్త నర్సు దాన్ని కూడా పట్టుకుంది.

వార్డు పెద్ద సిస్టరు బయటకు వచ్చింది. నెరిసిన జుట్టు, మోకాళ్ళ నొప్పితో కాస్త కుంటి నడక. "ఆవిడ మా మాట వినడం లేదు. ఎవరైనా రండి" అంది.

తండ్రి ముందుకు వచ్చాడు. సిస్టరు ఏదో చెప్పింది. ఆయన ఆమె పెదవుల కేసి చూసి, నిస్సహాయంగా కూతురి కేసి తిరిగాడు. సిస్టరు కూడా కూతురి కేసే చూసింది.

"చిన్నపిల్లని లోపలికి రానివ్వకూడదు" అంది. తరువాత లోపలినుంచి ఒక అరుపు వినిపించింది. "సరే, రా తల్లీ. ఇంకేం చేస్తాం."

పదమూడేళ్ళ పిల్ల చూడకూడనివన్నీ ఆ గదిలో ఉన్నాయి. వాటినన్నిటినీ దాటి ఆమె తల్లి తల దగ్గరకు వెళ్ళి నిలబడింది. తల్లి చూపు ఆమె చేతుల మీదకు దూకింది.

"అమ్మా. బిడ్డ లేడు. పోయాడు. ఇప్పుడు బయటికి తియ్యాలి. నువ్వు గట్టిగా తొయ్యాలట."

నర్సు వదిలేసిన ఎడమచెయ్యి మెల్లగా లేచింది. "ఎప్పుడు?"

"నిన్నటికే."

"నీకు నిన్ననే తెలుసా?"

మైకు తలాడించింది.

తల్లి ముఖం గోడవైపు తిప్పుకుంది. మనం కోపం వచ్చి ముఖం తిప్పుకుంటే ఎదుటివాళ్ళ మాట ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. ఆమె ముఖం తిప్పుకుంటే ఇంకేమీ ఉండదు. "తొయ్యమని చెప్పు, చెప్పు" అని సిస్టరు అరుస్తోంది. ఎవరికి చెప్పాలి? మైకు మంచం చుట్టూ తిరిగి, గోడకూ మంచానికీ మధ్య ఇరుక్కుని నిలబడి, తల్లి మూసుకున్న కళ్ళ ముందు చేతులాడించింది. "తొయ్యమ్మా. తొయ్యమ్మా." ఆ కళ్ళు తెరుచుకునేదాకా ఆడిస్తూనే ఉంది.

తల్లి బతికింది. చాలా రక్తం పోయింది, చాలా ఎక్కించారు, బతికింది.

ఆ తరువాత నడవాలో, స్కానింగు డాక్టరమ్మ పెద్ద సిస్టరు దగ్గరకు వచ్చింది. "నేను ఆ అమ్మాయికి స్పష్టంగా చెప్పాను సిస్టర్. ఆ పిల్లే అబద్ధం చెప్పింది" అంది. బల్ల మీద మైకు కూర్చుని ఉన్న సంగతి ఆమె గమనించలేదు.

"మేడం, మీరు ఆ మాట తల్లి ముఖం చూసి చెప్పగలిగారా?" అంది సిస్టరు. "నేను చెప్పలేకపోయాను. దాన్ని లోపలికి పిలిచి దాని చేతే చెప్పించాను. మనకి చేతకాని పని అది చేయలేదని మనం ఎలా అంటాం? దానికి వినపడుతుంది, అంతేగా దాని తప్పు? వినపడినంత మాత్రాన అన్నీ మొయ్యగలదా? పసిపిల్ల మేడం అది. వాళ్ళమ్మకి చావుకబురు చెప్పాల్సింది మనం."

"నిజమే. కానీ ఈసారి ఇలాంటివాళ్ళు వస్తే ఎవరితో చెప్పించాలి? చేతుల భాష వచ్చినవాళ్ళు మన దగ్గర ఒక్కరైనా ఉన్నారా?" అంది డాక్టరమ్మ. ఆమె గొంతులో వాదన లేదు. నిజంగానే అడిగింది.

సిస్టరు మోకాలు రుద్దుకుంటూ వార్డులోకి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చాక తల్లి కూతుర్ని తిట్టలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదేమో. మునుపటిలాగే జడ వేసింది, అన్నం పెట్టింది. ఒక్కటే తేడా. ఇదివరకు ఆమె కూతురి చేతుల్ని మనం మన పిల్లల మాట విన్నట్టే ధీమాగా చూసేది. ఇప్పుడు ముందు ఎదుటిమనిషి ముఖం చూసేది, తరువాత చేతులు చూసేది, మళ్ళీ ముఖం చూసేది. నిజమేనా అని ప్రతి మాటనూ సరిచూసుకునేది.

అది చూసి మైకు కడగడం మానేసింది. ఎవరేమన్నా ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది. కూరగాయల దుకాణదారు అన్న మాటను ఒక్క పొల్లు పోకుండా తల్లికి అందించింది, తల్లి అన్నదాన్ని పొల్లు పోకుండా అతనికి అందించింది. వీధి వీధంతా పోగయ్యేంత గొడవ అయింది. తల్లి సంచి అక్కడే కుమ్మరించి వచ్చేసింది. ఇంటి యజమాని నోటిదురుసు ఇన్నేళ్ళ తరువాత తండ్రికి తెలిసివచ్చింది. ఆయన ఆ రాత్రి భోజనం చెయ్యలేదు. "ఈ పిల్ల ఎంత మంచిదనుకున్నాం! ఈమధ్య తల్లిదండ్రులకి, ఊరివాళ్ళకి తగువులు పెడుతోంది" అంది బంగాళాదుంపల పెద్దావిడ. మునుపు బుగ్గ పుణికింది ఈవిడే.

కొన్ని వారాలకు తల్లిని ఆస్పత్రికి మళ్ళీ చూపించుకోవడానికి రమ్మన్నారు. మైకు వెంట వెళ్ళింది. పేరు పిలిచాక ఇద్దరూ లేచారు. గది గుమ్మంలో తల్లి ఆగి, అరచెయ్యి కూతురికి అడ్డం పెట్టింది. "నువ్వు ఇక్కడే కూర్చో. నేను చూసుకుంటాను." లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

కోపంతో అలా చేసిందా, కూతుర్ని కాపాడుకోవాలని చేసిందా? రెండూ అయి ఉండవచ్చు. మైకు బల్ల మీద కూర్చుంది. పలచటి తలుపు. లోపల డాక్టరు, ఈసారి వేరే ఆవిడ, వినపడని మనిషితో అందరూ మాట్లాడినట్టే గట్టిగా, విడివిడిగా అరుస్తోంది. ఆ అరుపు ఎవరికోసమో ఆమెకు తప్ప నడవాలో అందరికీ వినిపించింది.

"ఇంకో, కాన్పు, వద్దు! అర్థమైందా? మళ్ళీ కడుపొస్తే, మీ ప్రాణానికే ముప్పు! ఆఁ? సరేనా? ఆఁ, సరే."

తల్లి తల ఊపి ఉంటుంది. వినపడనివాళ్ళు చాలామంది అలాగే ఊపుతారు, ఎదుటివాళ్ళను విసిగించకూడదని.

తలుపు తెరుచుకుంది. తల్లి ముఖం వెలిగిపోతోంది. చాలా రోజుల తరువాత కూతురి వైపు చూసి నవ్వింది. "చూశావా, నేనే మాట్లాడేశాను. మంచి మనిషి. అంతా బాగుందట. వచ్చే ఏడాది మళ్ళీ..." అంటూ పొట్ట మీద చెయ్యి గుండ్రంగా తిప్పింది.

అవునమ్మా అనేస్తే సరిపోయేది. ఇద్దరూ బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయేవారు. చెబితే ఆ నవ్వు పోతుంది. చెప్పకపోతే అమ్మే పోతుంది. ఈసారి ఆ పిల్లకు ఆ సంగతి బాగా తెలుసు. మెత్తగా చెప్పే దారి కోసం వెతుక్కుంది. దొరకలేదు. చేతులు పైకెత్తింది.

"అమ్మా, ఆవిడ అలా అనలేదు. ఇంకో కాన్పు వద్దంది. మళ్ళీ కడుపొస్తే నువ్వు చచ్చిపోతావంది. ఇక మనకి..."

తల్లి చటుక్కున కూతురి రెండు మణికట్లనూ పట్టుకుంది. నోటితో మాట్లాడేవాళ్ళు ఎదుటివాళ్ళ నోరు నొక్కినట్టు, గట్టిగా పట్టుకుంది. ఇక ఆ పిల్ల ఏమీ చెప్పలేదు. పట్టుకున్నందువల్ల తల్లీ ఏమీ అనలేదు. జనం అటూ ఇటూ తోసుకుంటూ పోతున్న ఆ నడవాలో వాళ్ళిద్దరూ అలాగే నిలబడిపోయారు. ఎవరి చేతులూ ఖాళీగా లేవు, కళ్ళు తుడుచుకోవడానికైనా.

చదువుతున్న మీ ఊరి ఆస్పత్రిలోనూ ఇలాంటి తలుపు ఒకటి ఉంటుంది, దాని ముందు ఇలాంటి పిల్ల ఒకతి కూర్చుని ఉంటుంది. తల్లికి చెప్పవలసిన కఠినమైన మాట చెప్పడానికి చేతుల భాష వచ్చిన పెద్దమనిషిని ఒకరిని అక్కడ నిలబెట్టడం మన బాధ్యత. వినపడుతోంది కదా అని ఆ బరువు పిల్ల చేత మోయించకండి.